ఉపాధ్యాయుడు నేర్చుకొను చోటు

ప్రొద్దుటి పూట తెనాలి జంక్షనులో రేపల్లె బండి యెక్కినవారికి ఉపాధ్యాయుల ఆనవాలు పట్టుట కష్టము కాదు. భుజమున సంచి, సంచిలో అన్నపు డబ్బా, ఒడిలో దిద్దవలసిన పుస్తకముల కట్ట. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన - ఒక్కొక్క స్టేషనులో ఒకరిద్దరు దిగిపోవుదురు. దారిపొడవునను కరువు భత్యమును గూర్చియు, బదిలీలను గూర్చియు, పిల్లల ఉద్యోగములను గూర్చియు మాటలు సాగుచుండును. ఆ మాటల నడుమ ఎప్పుడో ఒకరు, "మా ఏడో తరగతి పిల్లలకు రుణసంఖ్యలు ఎంత చెప్పినా ఎక్కడం లేదండీ" అని నిట్టూర్తురు. వెంటనే ఎదుటి బల్లమీది వారు ముందునకు వంగి, "నేనైతే ఇలా చెప్తాను" అని వ్రేలితో బల్లపై ఒక గీత గీయుదురు. ఇంకొకరు ఆ గీతకు అడ్డము చెప్పుదురు. వేమూరులో మొదలైన ఆ ముచ్చట భట్టిప్రోలు వచ్చుసరికి తెగిపోవును. చెప్పుచున్నవారు దిగవలసిన స్టేషను అదే.

నేను ఎరిగినంతలో ఉపాధ్యాయుడు తన వృత్తిని గూర్చి నేర్చుకొనిన మేలైన పాఠములు పెక్కు ఇట్టి చోట్లనే జరిగినవి. అచ్చట హాజరు పట్టీ లేదు. ధ్రువపత్రము లేదు. ఒకరికి చిక్కు వచ్చినది, మరొకరికి దారి తోచినది, అంతియే. ఇంత విలువైన చదువు రైలుపెట్టెలో జరుగవలసి వచ్చుటయేల? బడిలో దానికి చోటు లేకపోయినదేమి? ఈ వ్యాసమున విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

మార్పు క్రొత్తది కాదు

ఇప్పుడు పేర్కొన్న స్టేషనులలో భట్టిప్రోలు సామాన్యమైన ఊరు కాదు. 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తు పరిశోధకుడు అచ్చటి స్తూపమున త్రవ్వకములు జరిపి, అక్షరములు చెక్కిన ధాతుకరండములను వెలికి తీసెను. ఆ లిపి క్రీస్తుకు పూర్వము మూడవ, రెండవ శతాబ్దుల నాటిదని పండితులు తలంతురు. అశోకుని శాసనములలోని బ్రాహ్మీలిపిలో గుర్తేమియు లేని హల్లును అకారముతో కలిపి చదువవలెను. భట్టిప్రోలు వ్రాయసకాడు అట్లు విడువక, అకారమునకే ఒక చిన్న అడ్డగీతను చేర్చెను. మన గుణింతములోని తలకట్టును తలపించు గీత అది. చదువువాడు ఎక్కడ తికమకపడునో ఆలోచించిన వాని పని యిది యని నాకు తోచును. ఆ క్రొత్త పద్ధతిని మొదట తాము నేర్చుకొని, పిమ్మట శిష్యులకు నేర్పిన గురువులు కొందరు ఉండియే యుందురు. మారుచున్న లోకమున ఉపాధ్యాయుడు తిరిగి విద్యార్థి కావలసివచ్చుట ఈ నేలకు రెండువేల యేండ్ల నాటి అనుభవము.

నేటి మార్పుల వేగము మాత్రము వేరు. 2020-21లో ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములు రెండు భాషలలో, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగుగా వెలువడినవి. 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లల చేతికిని, వారి ఉపాధ్యాయుల చేతికిని టాబ్లెట్లు వచ్చినవి. 2017లో "దీక్ష" యను అంతర్జాల వేదిక, 2019లో "నిష్ఠ" యను శిక్షణ కార్యక్రమము దేశమంతటికిని ఏర్పడినవి. పేర్లు రెండును మనకు చుట్టములే! 2020 నాటి జాతీయ విద్యావిధానము, ప్రతి ఉపాధ్యాయుడును ఏటికి కనీసము 50 గంటలు వృత్తి విషయమై నేర్చుకొనవలెనని చెప్పినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు సయితము మారినవి. బాపట్ల, రేపల్లె క్రొత్త బాపట్ల జిల్లాలో చేరగా తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది.

అన్నిటికంటె మిన్నగా ఉపాధ్యాయ లోకమును కదలించినది 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఒకటి మొదలు ఎనిమిది వరకు తరగతులకు బోధించుచు, అయిదేండ్లకు మించి ఉద్యోగకాలము మిగిలియున్నవారు, ఎన్నడు చేరినవారైనను, రెండేండ్లలోగా "టెట్" అను అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావలెనని ఆ తీర్పు. ఇరువదియేండ్లు పాఠము చెప్పినవారు రాత్రివేళ పరీక్షపుస్తకములు ముందుంచుకొని, తమ శిష్యులు వ్రాయు పరీక్షకే సిద్ధపడుట ఎట్టి అనుభవమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయునికి చదువు వలదని నేననను. కాని పరీక్ష తెలిసినదానిని కొలుచును, తెలియనిదానిని నేర్పదు. నేర్చుకొను చోటు వేరే ఉండవలెను.

ఒక పైస ఎక్కడికి పోయినది?

నా సొంత అనుభవ మొకటి చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక. 1980 ప్రాంతమున నేను ఉద్యోగములో చేరిన క్రొత్తరోజులు. రేపల్లె దాపున ఒక పల్లె. చుట్టుపట్ల బడుల ఉపాధ్యాయులందరును ఒకచోట కూడిన దినమున నన్ను అయిదవ తరగతికి మాదిరి పాఠము చెప్పుమనిరి. భిన్నముల కూడిక చెప్పితిని. ముందునాడే తెలివైన పిల్లలను ముందు బల్లలపై కూర్చుండబెట్టి, ప్రశ్నలును జవాబులును వల్లె వేయించి యుంటిని. పాఠము నిరాటంకముగా సాగినది. క.సా.గు. కనుగొనుట, లవములను మార్చుట, కూడుట - పిల్లలు చిలుకలవలె చెప్పిరి. పెద్దలు మెచ్చుకొనిరి. నాకును కొంత గర్వము కలిగినది.

అప్పుడు వెనుక కూర్చున్న ఒక వృద్ధ ఉపాధ్యాయులు లేచి, "అబ్బాయీ, ఆ చివరి బల్లమీది పిల్లను నేనొక మాట అడగనా?" అనిరి. ఆమెకు పలక ఇచ్చి, 1/2 + 1/4 ఎంతో వ్రాయుమనిరి. ఆ బాలిక పైయంకెలను పైయంకెలతోను, క్రిందియంకెలను క్రిందియంకెలతోను కలిపి 2/6 అని వ్రాసినది. నాకు ముఖము చెల్లలేదు. వారు ఆమెను గద్దింపలేదు. నావంక చూడనైన లేదు.

"అమ్మాయీ, నీ దగ్గర అర్ధరూపాయి ఉంది. మీ నాన్న ఇంకో పావలా ఇచ్చాడు. ఎంతయింది?"

"ముప్పావలా."

"ముప్పావలా అంటే ఎన్ని పావలాలు?"

"మూడు."

"రూపాయికెన్ని?"

"నాలుగు."

"అయితే నాలుగింట మూడు. అది పలకమీద ఎట్లా వ్రాస్తావు?"

ఆ బాలిక 3/4 అని వ్రాసినది. ప్రక్కనే ఉన్న 2/6 వంక ఒక్క క్షణము చూచినది. ఎవరును చెప్పకయే దానిని అరచేతితో తుడిచివేసినది.

సభ ముగిసిన పిమ్మట నేను తలవంచుకొని నిలిచియుండగా వారు నన్ను ప్రక్కకు పిలిచి టీ ఇప్పించి, తమ కథ చెప్పిరి. 1957 ఏప్రిల్ 1న మన దేశమున నయాపైసలు వచ్చినవి. అంతవరకు రూపాయికి 16 అణాలు. నాటినుండి 100 నయాపైసలు. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 చొప్పున మార్చుకొనవలెనని పట్టిక వచ్చినది. వారు ఆ పట్టికను పిల్లలచేత కంఠస్థము చేయించిరి. ఒకనాడు ఒక బాలుడు లేచినాడు. అటుపై జరిగినది వారి మాటలలోనే చెప్పెదను.

"వాడు నన్ను అడిగాడు గదా: 'నాలుగు అణాలూ ఒక్కసారిగా మారిస్తే పాతిక పైసలు వస్తున్నాయి. ఒక్కొక్క అణా విడిగా మారిస్తే ఇరవై నాలుగే వస్తున్నాయి. ఒక పైస ఎక్కడికి పోయింది, మాస్టారూ?' అని. నాకు తెలియలేదు. 'కూర్చో' అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. మళ్ళీ ఉపాధ్యాయుల సమావేశం వచ్చేదాకా ఆగి, సిగ్గు విడిచి నలుగురిలో అడిగాను. ఒకాయన సుద్దముక్క తీసుకుని నూరును పదహారుతో భాగించాడు. ఆరుంబావు వచ్చింది. అణా అణాకూ పావు పైస చొప్పున మనం వదిలేస్తున్నామన్నమాట. నాలుగు పావులూ కలిస్తే ఆ పోయిన పైస! మర్నాడు తరగతిలో వాణ్ణి నిలబెట్టి, 'ఆ రోజు నిన్ను కూర్చోమన్నది నీ తప్పుకు కాదు నాయనా, నాకు తెలియక' అని అందరి ఎదుటా చెప్పాను. అబ్బాయీ, నేను ట్రైనింగయింది ఆ రోజు."

మూడవ విద్య

ఆ పెద్దలు నాకు చూపినది గణితము కాదు. భిన్నముల కూడిక నాకును వచ్చును. పాఠము చెప్పు తీరును గూర్చి శిక్షణాలయమున నేనును చదివియుంటిని. నాకు తెలియనిది మూడవది: ఈ విషయమును ఈ యీడు పిల్లలు ఎక్కడ పొరబడుదురు, ఏల పొరబడుదురు, వారి ఇంటిలోని ఏ మాట పట్టుకొనిన దారికి వత్తురు. 1986లో లీ షుల్మను అను అమెరికా విద్యావేత్త ఒక ప్రసిద్ధ వ్యాసమున ఈ మూడవ జ్ఞానమునకు ప్రత్యేక స్థానమిచ్చి, ఉపాధ్యాయుని ఇతర పండితులనుండి వేరుచేయునది ఇదియే యని వాదించెను. గణితవేత్తకు 2/6 ఒక తప్పు మాత్రమే. ఉపాధ్యాయునికి అది ఆ బాలిక మనస్సులోనికి పోవు తలుపు.

ఈ మూడవ విద్య ఉపన్యాసములలో దొరకదు. అది పిల్లల పలకలమీద నున్నది. దానిని చూచుటకు ఒక జత కన్నులు చాలవు. పాఠము చెప్పువాడు నల్లబల్లను, ముందుబల్లను, గడియారమును చూచుకొనుచుండును. చివరి బల్లను చూచుటకు మరియొకరు కావలెను.

బాపట్ల చేను

రేపల్లె దారి విడిచి తెనాలినుండి చెన్నపట్టణపు దారి పట్టినచో నిడుబ్రోలు, అప్పికట్ల దాటి బాపట్ల చేరుదుము. నిడుబ్రోలు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన తుమ్మల సీతారామమూర్తిగారు కావూరు రైతుబిడ్డ. గాంధీమహాత్ముని జీవితమును పద్యకావ్యముగ వ్రాసి 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిరి. బడిపంతులు బ్రతుకంతయు నేర్చుకొనుచునే యుండవచ్చునని ఆ దారిన పోవునప్పుడెల్ల తలపునకు వచ్చును.

బాపట్లకు ఉపాధ్యాయ శిక్షణ క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో అమెరికను బాప్టిస్టు మిషనువారు అచ్చట బడిపంతుళ్ళను తయారుచేయు శిక్షణ పాఠశాలను నడిపిరి. అయినను ఆ ఊరినుండి నేను గ్రహించిన పాఠము శిక్షణ పాఠశాలది కాదు; వరిచేనిది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల స్థాపితమైనది. అచ్చటి పరిశోధన ఫలితముగా 1986లో విడుదలైన వరి వంగడము బి.పి.టి. 5204. ఆ మూడు పొడి అక్షరములును బాపట్ల పేరే. సాంబ మసూరి యని లోకము పిలుచు సన్నబియ్యము అదియే. అన్నము తినువారిలో ఆ పేరు వినని తెలుగువారు అరుదు.

క్రొత్త వంగడము వచ్చినప్పుడు రైతు ఏమి చేయును? సభలో చెప్పినది వినును, కరపత్రము చదువును. కాని విత్తనపు సంచిమీద చేయి వేయడు. పొరుగువాడు ఒక చెక్కలో వేసినదాక వేచియుండును. ఆ గట్టుమీదికి పోయి నిలుచును. దుబ్బు పట్టి చూచును, వెన్ను వంచి చూచును, తెగులు వచ్చినదా, గాలికి పడినదా యని అడుగును. పొరుగు చేను తన చేనివంటిదే. అదే కాలువ నీరు, అదే నేల. అక్కడ పండిన తనకును పండునని నమ్మును. వ్యవసాయ శాఖవారు ఈ మర్మమెరిగియే ప్రదర్శన క్షేత్రములు పెట్టింతురు.

మరియొక సంగతి. అంత గొప్ప వంగడమునకును బాక్టీరియా ఆకుఎండు తెగులు పట్టుచుండెను. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు దానికి ఆ తెగులును తట్టుకొను శక్తి నిచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేసిరి. విత్తనమునకే ఇరువదిరెండేండ్లకు పునశ్చరణ తరగతి వలసినప్పుడు, ఒకనాడు పొందిన శిక్షణ ముప్పదియైదేండ్ల ఉద్యోగమునకు చాలునని ఉపాధ్యాయుడు ఎట్లనుకొనగలడు?

రైతుకు పొరుగు చేను ఎట్టిదో ఉపాధ్యాయునికి పొరుగు తరగతి అట్టిది. కాని మన బడులలో గోడకావల తోటి ఉపాధ్యాయుడు ఏమి చెప్పుచున్నాడో ఇవతలివానికి తెలియదు. పదేండ్లు ప్రక్కప్రక్క గదులలో పనిచేసి, ఒకరి పాఠము ఒకరు ఒక్కనాడైన విననివారు కలరు. నేను వారిలో ఒకడను.

ఉండినది, పోయినది

ఈ మర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. చెన్నపురి రాజధాని కాలమున ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సంఘములుండెడివి. కేంద్రముగా నున్న ఒక బడిలో కూడి, ఒకరు మాదిరి పాఠము చెప్పగా తక్కినవారు దానిని విమర్శించెడివారు. 1964-66 నాటి కొఠారీ కమిషను, సమీపమునగల బడులన్నియు ఒక సముదాయముగ ఏర్పడి ఒకదానికొకటి తోడుపడవలెనని సూచించెను. "స్కూలు కాంప్లెక్సు" అని మనము నేడు వాడుచున్న మాటకు మూలమదియే. 1986 జాతీయ విద్యావిధానమునుండి జిల్లా శిక్షణ సంస్థలు పుట్టినవి. అవిభక్త గుంటూరు జిల్లాకు అది బోయపాలెమున నెలకొన్నది. 1980 దశకమున బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో మొదలై 1990 దశకమున రాష్ట్రమంతట వ్యాపించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను ఏర్పరచినది. పిల్లలు చేసి నేర్చుకొనవలెను, పరిసరములే పాఠ్యసామగ్రి కావలెను, పిల్లల పనిని గోడలకు తగిలింపవలెను అను సూత్రములను ఆ కేంద్రములలో ఉపాధ్యాయులు తామే చేసి చూచెడివారు. నాడు అట్టముక్కలతోను, చింతగింజలతోను తయారుచేసిన ఉపకరణములు నావద్ద నేటికిని కొన్ని కలవు.

మరి ఏమైనది? నేను చూచినంతలో, మొదట పాఠము పోయినది, సభ మిగిలినది. పిమ్మట సభయు పోయి సంతకము మిగిలినది. కారణములు మూడు. అధికారి ఎదుట చెప్పిన పాఠమునకు విమర్శ అన్నది భయమో ముఖస్తుతియో అయినది. ఉత్తరువులు, పట్టికలు చదివి వినిపించుటతోనే దినము గడచిపోయినది. అన్నిటికంటె ముఖ్యముగా, నావలెనే అందరును నటించిరి. వల్లె వేసిన పాఠము చెప్పి, తెలివైన పిల్లలను ముందుంచి, తప్పు జరుగకుండ కాపాడుకొంటిమి. తప్పు లేనిచోట నేర్చుకొనవలసినది ఏమున్నది?

జపానులో ఇదే పద్ధతి శతాబ్దమునకు పైబడి బ్రతికియున్నది. "జుగ్యో కెంక్యూ" - పాఠ పరిశీలన - అని దాని పేరు. ఉపాధ్యాయులు కొందరు కూడి ఒక పాఠమును తయారుచేయుదురు. ఒకరు చెప్పుదురు. తక్కినవారు చెప్పువానిని గాక పిల్లలను గమనింతురు: ఎవరు ఏమి వ్రాసిరి, ఏ క్షణమున ముఖము వికసించెను, ఎక్కడ కలము ఆగెను. పిమ్మట చర్చించి, పాఠమును సవరించి, మరియొక తరగతిలో మరల చెప్పుదురు. 1999లో స్టిగ్లరు, హీబర్టు అను అమెరికా విద్వాంసులు ఈ పద్ధతిని గూర్చి గ్రంథము వ్రాయగా పశ్చిమ దేశములు మేలుకొనినవి. వారికి క్రొత్తగా కనిపించినది మన తాతల కాలపు మాదిరి పాఠమునకు దగ్గర చుట్టమే. భేద మొక్కటి: వారు రెండవసారి చెప్పుదురు. మనము టీ త్రాగి బండి యెక్కుదుము.

తెనాలి నేర్పునది

విమర్శ యనగానే మనవారికి కోపము వచ్చునని కొందరందురు. తెనాలి చరిత్ర ఆ మాటను ఒప్పదు. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి పెద్దరికమున సాహితీ సమితి వెలసినది తెనాలిలోనే. యువకవులు తమ రచనలను తోటివారి ఎదుట చదివి, వారి మెప్పును ఆక్షేపణను కూడ అందుకొని ఎదిగిరి. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలమున స్త్రీపాత్రలకు ప్రాణము పోసిన స్థానం నరసింహారావుగారు 1956లో పద్మశ్రీ నందిరి. సత్యభామ నడక వారికి ఒక్కనాట అబ్బినది కాదు. తెరయెత్తిన ప్రతి రాత్రియు ఎదుట తెలిసినవారు కూర్చుండెడివారు. కవికిని నటునికిని కూడిన ఆ భాగ్యము ఉపాధ్యాయునికి మాత్రము ఏల కూడరాదు? అతని ఎదుట ఏటికి రెండువందల దినములు తెర లేచుచున్నది. కాని చూచువారిలో వృత్తి తెలిసినవాడు ఒక్కడును లేడు.

చేయదగినది

ఇందులకు క్రొత్త పథకము అక్కరలేదు. నెలకొక దినము, అయిదారు బడులవారు, ఒక నిజమైన పాఠము చాలును. నియమములు మాత్రము మూడు కావలెను. పాఠమునకు ముందు పిల్లలచే వల్లె వేయింపరాదు. రోజువారీ తరగతి ఎట్లున్నదో అట్లే ఉండవలెను. చర్చ మొదలిడునప్పుడు ఉపాధ్యాయుని గొంతును, చేవ్రాతను గూర్చి గాక, పిల్లలు వ్రాసిన పుస్తకములను బల్లపై పరచి మాటలాడవలెను. అధికారి వచ్చినచో వారును ఒక పలక పట్టుకొని చూడవలెను. ఆ పాఠమునే మరుసటి నెల మరియొక ఊరిలో మరియొకరు సవరించి చెప్పవలెను.

ఏకోపాధ్యాయ పాఠశాల తలుపు మూసి రాలేనివారి మాట యేమి? అచ్చటనే ఆ టాబ్లెట్టు పనికి వచ్చును. ఎక్కడనో తీర్చిదిద్దిన చిత్రపాఠము కంటె, పొరుగూరి తరగతిలో పిల్లవాడు తప్పుచేసిన మూడు నిమిషముల దృశ్యము ఎక్కువ నేర్పును. సంవత్సరమునకు 50 గంటలని శాసించినవారు అందులో సగమైన ఈ పనికి లెక్కించిన, ధ్రువపత్రములు తగ్గినను తరగతులు బాగుపడును. టెట్టునకు చదువువారికి సయితము, ఇట్టి చర్చలలో నలిగిన విషయము పుస్తకమునుండి వల్లించినదానికంటె గట్టిగ నిలుచును.

విద్యార్థులకు ఒక మాట. మీ ఉపాధ్యాయునికి మీరిచ్చు శిక్షణ యెవరును ఈయలేరు. "ఒక పైస ఎక్కడికి పోయింది?" అని అడిగిన బాలుడు ఒక మనుష్యుని ఉపాధ్యాయునిగ చేసెను. తోచిన ప్రశ్నను మ్రింగివేయకుడు.

ఆ వృద్ధులు నాకిచ్చిన పావలా ఉపాయమును నేను ముప్పదియేండ్లు వాడుకొంటిని. 2011 జూను 30తో పావలా నాణెము చెలామణి పోయినది. నా ఉపాయమును దానితోనే పోయినది. నేటి పిల్లలు అర్ధరూపాయిని ఎరుగరు, ముప్పావలా మాట వినలేదు. ఇటీవల భట్టిప్రోలు ప్రాంతమున ఒక యువ ఉపాధ్యాయురాలి అనుమతితో ఆమె తరగతి చివరి బల్లపై కూర్చుంటిని. ఆమె నల్లబల్లపై సెల్‌ఫోను బ్యాటరీ బొమ్మ వేసి, "సగం చార్జింగ్ ఉంది. ఇంకో పావు ఎక్కింది. ఎంత?" అని అడిగినది. తరగతి అంతయు "డెబ్బై అయిదు!" అని అరచినది. నాకు పావలా మరల దొరికినట్లయినది.

అంతలో ఒక బాలుడు లేచి, "టీచర్, మా తాత పాత ఫోన్‌లో డెబ్బై అయిదు, మా అన్న కొత్త ఫోన్‌లో డెబ్బై అయిదు ఒకటేనా? తాతది తొందరగా అయిపోతుంది గదా!" అని అడిగినాడు.

తరగతి నిశ్శబ్దమైనది. ముప్పావు అనినంత చాలదు, దేనిలో ముప్పావో తెలియవలెనను సూక్ష్మము ఆ ప్రశ్నలో ఉన్నది. ఆమె ఒక్క క్షణము ఆగి నావంక చూచినది. నేను పెదవి కదపలేదు. "నేనది ఆలోచించలేదురా. మంచి ప్రశ్న. రేపు అందరం కలిసి చూద్దాం" అని ఆ ప్రశ్నను నల్లబల్ల మూలన వ్రాసి, చుట్టును గీత గీసి ఉంచినది. కూర్చో అనలేదు.

సాయంకాలము తిరుగుబండిలో ఆమె ఎదుటి బల్లమీది వారిని ఆ ప్రశ్నయే అడుగుచుండెను. ఒకరు రెండు గ్లాసుల నీళ్ళతో చూపవచ్చుననిరి. మరియొకరు చిన్నరొట్టె, పెద్దరొట్టె మేలనిరి. వేమూరు దాటినది, జంపని దాటినది. తెనాలిలో దిగి, ప్లాట్‌ఫారముమీద నిలిచికూడ వారు మాటలాడుచునే యుండిరి.